టాప్ ఉండాలా, తీసేసేలా ఉండాలా: బెంగళూరు రోడ్ల మీద స్పోర్ట్స్ కారు లెక్క

వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, సర్జాపూర్ రోడ్డు వైపు ఉండే మన తెలుగువాళ్ళలో పదిహేనేళ్ళు ఉద్యోగం చేసి, ఇల్లు కొనేసి, పిల్లల స్కూళ్ళు కుదిరిపోయాక, ఇప్పుడైనా చిన్నప్పటి కోరిక తీర్చుకుందాం అని స్పోర్ట్స్ కారు వైపు చూసేవాళ్ళు బాగానే ఉన్నారు. బడ్జెట్ తేలాక వచ్చే మొదటి ప్రశ్న బ్రాండ్ గురించి కాదు, టాప్ గురించి. మామూలు కూపే, అంటే పైకప్పు కదలకుండా ఉండే రెండు డోర్ల కారు తీసుకోవాలా, లేకపోతే అదే కారులో టాప్ తెరుచుకునేది తీసుకోవాలా. దీనికి చుట్టుపక్కల వాళ్ళు చెప్పే సమాధానం దాదాపు ఒకటే ఉంటుంది, "ఇది బెంగళూరు కదా, వెదర్ బాగుంటుంది, ఓపెన్ టాప్ తీసేసుకో, హైదరాబాద్ అయితే వద్దనేవాణ్ణి" అని. అది సగం నిజం. వెదర్ ఈ ఊరిదే, కానీ రోడ్డు కూడా ఈ ఊరిదే, ట్రాఫిక్కూ ఈ ఊరిదే. కాబట్టి అడగాల్సింది వెదర్ బాగుంటుందా అని కాదు, ఏడాదిలో టాప్ తీసి నిజంగా నడిపే గంటలు ఎన్ని, రోజూ దాటాల్సిన హంపులు ఎలాంటివి, రాత్రి కారు ఎక్కడ పడుకుంటుంది, ఈ మూడూ అడగాలి.

ముందు కారు లోపల ఏం మారుతుందో చూద్దాం, ఎందుకంటే టాప్ తీసేయడం అంటే పైన రేకు ముక్క ఒకటి తగ్గించడమే అని చాలామంది అనుకుంటారు. అట్టతో చేసిన స్వీట్ల డబ్బా ఒకటి తీసుకుని మూత పెట్టి ఎదురెదురు మూలలు పట్టుకుని మెలితిప్పి చూడండి, అంత తేలిగ్గా తిరగదు. అదే మూత తీసేసి మెలితిప్పితే చేతిలో వంగిపోతుంది. కారు బాడీ కూడా అంతే. పైకప్పు, అద్దం పక్కన పిల్లర్లు, వెనక పిల్లర్లు అన్నీ కలిసి ఒక పెట్టెలా పనిచేసి మెలిక పడకుండా ఆపుతాయి. పైకప్పు పోతే ఆ బలం ఇంకెక్కడి నుంచైనా తేవాలి, అందుకే డోర్ల కింద ఉండే సిల్స్ లావు చేస్తారు, ఫ్లోర్ కింద బలానికి అడ్డంగా బ్రేసులు, అంటే కడ్డీలు, వేస్తారు, ముందు అద్దం ఫ్రేమ్‌లో గట్టి స్టీలు పెడతారు, సీట్ల వెనక కారు బోల్తా పడితే తలని కాపాడే రోల్ బార్లు పెడతారు. దాంతో బరువు పెరుగుతుంది.

ఎంత పెరుగుతుందనేది ఆ కారు ఎలా పుట్టిందన్న దాన్ని బట్టి ఉంటుంది, అసలు సంగతి ఇక్కడే ఉంది. పోర్షే 911లో 992 తరం కూపే కంటే టాప్ తెరుచుకునే కాబ్రియోలె సుమారు 70 కిలోలు ఎక్కువ. లాంబోర్గిని హురకాన్‌లో కూపేకీ టాప్ తెరుచుకునే స్పైడర్‌కీ తేడా 120 కిలోలు. మెక్‌లారెన్ 720ఎస్‌లో మాత్రం 49 కిలోలే, ఎందుకంటే దాని బలం అంతా కింద ఉన్న కార్బన్ ఫైబర్ తొట్టిలోనే ఉంది, పైకప్పు మీద అంతగా ఆధారపడదు. ఇంకా విచిత్రం పోర్షే 718, అందులో టాప్ తెరుచుకునే బాక్‌స్టర్, మూసి ఉండే కేమన్ రెండిటికీ కంపెనీ చెప్పిన బరువు ఒకటే, మాన్యువల్ గేర్‌తో 1335 కిలోలు. కారణం ఏంటంటే బాక్‌స్టర్ 1996లో టాప్ లేని కారుగానే పుట్టింది, దాన్నుంచి 2005లో కేమన్ వచ్చింది, అంటే అక్కడ పైకప్పు తర్వాత చేర్చిన వస్తువు. కాబట్టి "టాప్ తెరుచుకునే కన్వర్టిబుల్ అంటే బరువు, బరువంటే స్లో" అని ఒక్క మాటలో తీసిపారేయడం కుదరదు, మొదట్నుంచీ టాప్ లేకుండా గీసిన కారా, లేక కూపేని కోసి తీసిన కారా అన్నది చూడాలి. బీఎండబ్ల్యూ జెడ్4, టొయోటా సుప్రా కథ కూడా ఇలాంటిదే, ఒకే ప్లాట్‌ఫామ్, అంటే ఒకే కింది చట్రం మీద ఒకే ఫ్యాక్టరీలో తయారయ్యాయి, ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో, కానీ ఒకటి ఓపెన్ మాత్రమే, రెండోది కూపే మాత్రమే. రెండు కంపెనీలూ తలో దారి పట్టాయి, ఎవరూ రెండూ చెయ్యలేదు.

సరే, బాడీ మెలిక పడితే మనకేంటి, మనమేమైనా రేసులకి వెళ్తామా అని అడగొచ్చు. ఇక్కడే బెంగళూరు వస్తుంది. మెలిక అనేది రేస్ ట్రాక్ సమస్య అనుకుంటారు గానీ మన దగ్గర అది హంపు సమస్య. స్పోర్ట్స్ కారు నేలకి దగ్గరగా ఉంటుంది, కాలనీల్లో హంపులు ఎవరికి వాళ్ళు పోసుకున్నవి, కొలతా లేదు, పెయింటూ లేదు, నేరుగా ఎక్కిస్తే కింద గీసుకుపోతుంది, అందుకని అందరూ చేసేది కారుని ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రాన్నీ ఎక్కించడం. అలా ఎక్కించినప్పుడు ముందు ఎడమ చక్రం పైన, వెనక కుడి చక్రం ఇంకోలా, అంటే స్వీట్ల డబ్బాని ఎదురెదురు మూలలు పట్టుకుని తిప్పడమే, రోజుకి ఇరవై సార్లు. కొత్త కారులో ఇది పెద్దగా తెలియదు, ఇప్పటి ఓపెన్ కార్లు బాగా గట్టిగా చేస్తున్నారు. కానీ ఆరేడేళ్ళు వాడిన సెకండ్ హ్యాండ్ కన్వర్టిబుల్‌లో కూర్చుని పాడైన రోడ్డు మీద వెళ్తే ముందు అద్దం ఫ్రేమూ డాష్‌బోర్డూ సన్నగా వణుకుతున్నట్టు, రియర్ వ్యూ మిర్రర్‌లో బొమ్మ అదురుతున్నట్టు ఉంటుంది, రబ్బరు సీళ్ళ దగ్గర కీచుమని చప్పుడు మొదలవుతుంది. కూపేలో ఆ వయసుకి కూడా ఇది చాలా తక్కువ. ట్రాక్ మీద ఎప్పుడూ అడుగు పెట్టనివాళ్ళకి కూడా కూపే బాడీ బలం పనికొచ్చేది ఇందుకే.

ఇప్పుడు వెదర్ లెక్క. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది, అందుకే చుట్టుపక్కల ఊళ్ళకంటే చల్లగా ఉంటుంది, అది నిజమే. కానీ ఏడాదిని ముక్కలు చేసి చూడండి. మార్చి సగం నుంచి మే దాకా మధ్యాహ్నాలు 35 దాటుతుంటాయి, 2016 ఏప్రిల్‌లో 39 కూడా దాటింది. ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఇంకోసారి సూర్యుడు ఈ ఊరికి సరిగ్గా నడినెత్తిన వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడ పడని రోజులు అవి. ఏప్రిల్ ఎండలో పన్నెండింటికి సిగ్నల్ దగ్గర టాప్ తీసి కూర్చుంటే ఏసీ ఎంత పెట్టినా లాభం ఉండదు. జూన్ నుంచి నైరుతి వానలు, అక్టోబర్ నవంబర్‌లలో ఈశాన్యం వానలు, మధ్యలో సెప్టెంబర్ అక్టోబర్ నెలలు ఎక్కువ తడిసే నెలలు. ఏప్రిల్ మే సాయంత్రాల్లో వచ్చే మామిడి వానలు ఇంకో రకం, అయిదు నిమిషాల ముందు దాకా ఆకాశం మామూలుగానే ఉంటుంది, తర్వాత గాలి, వడగళ్ళు, విరిగిపడే కొమ్మలు.

ఇవన్నీ తీసేస్తే నిజంగా హాయిగా మిగిలేది నవంబర్ ఆఖరు నుంచి మార్చి మొదటి వారాల దాకా పొద్దున్న వేళలు, మిగతా నెలల్లో వాన లేని తెల్లవారుజాములు, కొన్ని రాత్రిళ్ళు. ఆ చలికాలంలో ఆదివారాలు ఒక పదహారు అనుకుందాం, ఒక్కో ఆదివారం మూడు గంటలు, అంటే 48 గంటలు. మిగతా ఏడాదంతా కలిపి ఇంకో అంత వేసుకుంటే ఏడాదికి సుమారు వంద గంటలు. ఈ వంద అనేది పొద్దున్నే లేచే అలవాటున్న మనిషికి, ఆదివారం ఎనిమిదింటికి లేచేవాళ్ళకి ఇందులో పావు వంతు కూడా రాదు. కొనేవాళ్ళు మొట్టమొదట నిజాయితీగా వేసుకోవాల్సిన లెక్క ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే తొమ్మిది దాటాక హెబ్బాళ ఫ్లైఓవర్ మీద టాప్ తీసి ఇరుక్కుంటే అది డ్రైవ్ కాదు.

పొగా దుమ్మూ గురించి విడిగా చెప్పాలి. స్పోర్ట్స్ కారులో కూర్చున్న మనిషి తల ఎక్కడుంటుందంటే పక్కనున్న బస్సు టైరు ఎత్తులో. సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో గానీ అవుటర్ రింగ్ రోడ్డు మీద గానీ పాత టెంపో సైలెన్సర్ సరిగ్గా మొహం ఎత్తుకి వస్తుంది. మూసిన కారులో క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది, గాలి లోపలే తిప్పుకునే బటన్ ఉంటుంది, టాప్ తీస్తే ఈ రెండిటికీ పనే లేదు. మెట్రో పనులు జరిగే రోడ్ల మీద సిమెంటు దుమ్ము లెదర్ కుట్లలోకి, స్విచ్చుల సందుల్లోకి దిగిపోతుంది, అది మామూలు వాక్యూమ్‌కి రాదు. ఆస్తమా ఉన్న పిల్లల్ని ఎక్కించుకుని సిటీలో టాప్ తియ్యడం అస్సలు మంచిది కాదు.

ఇంత చెప్పాక ఓపెన్ టాప్ దండగ అనిపిస్తుందేమో, కాదు, దాని తరఫున ఉన్న వాదన చాలా బలమైనది, ఆ వాదన స్పీడు గురించి. మన రోడ్ల మీద స్పోర్ట్స్ కారు చట్టప్రకారం ఎంత వేగం వెళ్ళగలదు? బెంగళూరు మైసూరు హైవే 119 కిలోమీటర్లు, 2023 ఆగస్టు నుంచి మెయిన్ రోడ్డు మీదకి బైకుల్ని కూడా రానివ్వట్లేదు, అయినా లిమిట్ 100, కెమెరాలు వరసగా ఉన్నాయి. మంచి కూపే ఒకటి 100 దగ్గర ఏం చేస్తుందంటే ఏమీ చెయ్యదు, నిద్రపోతుంది, దాని అసలు రుచి 160 పైన మొదలవుతుంది, ఆ రుచి చూడటానికి ఇక్కడ రోడ్డు లేదు, ఉన్నా అది పక్కవాడి ప్రాణంతో ఆడుకోవడం. ఓపెన్ కారు అలా కాదు. పొద్దున్న ఆరింటికి చిక్కబళ్ళాపూర్ వైపు ద్రాక్షతోటల పక్క రోడ్డు మీద 60లో వెళ్తుంటే తడి మట్టి వాసన, ఎవరో పొయ్యి రాజేసిన పొగ, చింతచెట్ల కింద దూరినప్పుడు ఒక్కసారిగా తగిలే చల్లదనం, వెనక సైలెన్సర్ చప్పుడు గోడకి తగిలి తిరిగి రావడం, ఇవన్నీ వస్తాయి. నంది కొండ ఎత్తు 1478 మీటర్లు, పైకి ఎక్కేకొద్దీ ఒక్కో మలుపు దగ్గర గాలి మారడం చర్మానికి తెలుస్తుంది. మూసిన కారులో ఈ రోడ్డు ఒక వీడియో, తెరిచిన కారులో అది ఊరు. అంటే కూపే ఎక్కువ వేగంలో ఇచ్చే ఆనందాన్ని ఓపెన్ కారు తక్కువ వేగంలోనే ఇస్తుంది, స్పీడు లిమిట్లున్న, మనుషులూ గేదెలూ అడ్డొచ్చే మన రోడ్లకి ఇది చిన్న విషయం కాదు. మదనపల్లె దాటి హార్స్‌లీ కొండకి, లేకపోతే హిందూపురం వైపు లేపాక్షికి, పొద్దున్నే వెళ్ళి ఎండెక్కక ముందే తిరిగి బయల్దేరేవాళ్ళకి ఇంతకన్నా సరిపోయే బండి లేదు.

ఇంకో మాట, టాప్ తెరిచి మూసే పని ఇప్పుడు చాలా తేలిక. జెడ్4లో 10 సెకన్లు, 50 కిలోమీటర్ల వేగం దాకా నడుస్తూనే చేసుకోవచ్చు. 911 కాబ్రియోలెలో 12 సెకన్లు, అదీ 50 లోపే. మెర్సిడెస్ ఎస్ఎల్‌లో 15 సెకన్లు, 60 దాకా. మినీ కన్వర్టిబుల్‌లో 18 సెకన్లు, 30 దాకా. మన సిటీ ట్రాఫిక్ మామూలుగానే ఆ వేగాల్లోపు ఉంటుంది కాబట్టి చినుకు పడగానే ఆపాల్సిన పనిలేదు.

వానాకాలంలో ఇబ్బంది చినుకు పడేటప్పుడు కాదు, ఆ తర్వాత. గుడ్డ టాప్ తడిసి ఉండగా మడిచిపెట్టేసి అలాగే వదిలేస్తే బూజు పడుతుంది, ఆ వాసన పోదు. దానికంటే పెద్దది, చాలామందికి తెలియనిది, నీళ్ళు పోయే గొట్టాలు. టాప్ మడత పడే చోట చేరిన వాననీళ్ళు కిందకి పోవడానికి సన్నటి దారులు ఉంటాయి. బెంగళూరులో రోడ్డుపక్క చెట్లు ఎన్నో చెప్పక్కర్లేదు, వానచెట్లు, గుల్మొహర్, కానుగ, ఫిబ్రవరి మార్చిలో గులాబీ రంగు టబెబూయా, ఏడాది పొడుగునా ఏదో ఒకటి రాలుతూనే ఉంటుంది, ఆ రేకులూ ఆకులూ కుళ్ళి గొట్టాలకి అడ్డం పడతాయి. అప్పుడు నీళ్ళు సీట్ల వెనక్కి, కార్పెట్ కిందకి చేరతాయి, చాలా కార్లలో కంట్రోల్ మాడ్యూళ్ళు కూడా అక్కడే ఎక్కడో కింద ఉంటాయి, అవి తడిస్తే బిల్లు లక్షల్లో ఉంటుంది. నాలుగైదు నెలలకోసారి ఆ గొట్టాలు శుభ్రం చేయించి, రబ్బరు సీళ్ళకి కంపెనీ చెప్పిన గ్రీజు రాయిస్తే ఈ తలనొప్పి చాలావరకు రాదు. బేస్‌మెంట్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి ఇదంతా చేసుకోదగ్గ పనే. ఇండిపెండెంట్ ఇంట్లో ఉంటూ కారు చెట్టు కింద రోడ్డు మీద పెట్టేవాళ్ళు మాత్రం గుడ్డ టాప్ జోలికి పోకూడదు, ఇందులో రెండో మాట లేదు. పావురాల రెట్ట, చెట్టు జిగురు, బ్లేడుతో కోసే ఆకతాయిలు, వీటిలో ఏ ఒక్కటి చాలు.

డబ్బు సంగతి తొందరగా చెప్పేసుకోవచ్చు. ఈ కార్లు చాలావరకు పూర్తిగా తయారై దిగుమతి అయ్యేవే, దిగుమతి సుంకం భారీగా ఉంటుంది, కాబట్టి ఫ్యాక్టరీ దగ్గర కూపేకీ ఓపెన్‌కీ ఉన్న చిన్న తేడా ఇక్కడికొచ్చేసరికి రెట్టింపు పైనే అవుతుంది. ఆపైన కర్ణాటక లైఫ్‌టైమ్ టాక్స్, 20 లక్షలు దాటిన కార్లకి 18 శాతం, సెస్సు కలిపితే దగ్గర దగ్గర 20. అంటే టాప్ కోసం పది లక్షలు ఎక్కువ పెడితే ఇంకో రెండు లక్షలు టాక్స్ కిందే పోతుంది, ఇన్సూరెన్స్ కూడా ఆ మేరకు పెరుగుతుంది. అమ్మేటప్పుడు కొనేవాళ్ళు కూపేకే ఎక్కువ దొరుకుతారు, ఓపెన్ కారుకి మనసుపడి వచ్చే ఒక్క మనిషి కోసం ఆగాలి.

సామాన్ల సంగతి దీనికంటే ముఖ్యం, ఎందుకంటే ఇంట్లో గొడవ అక్కడే మొదలవుతుంది. మడిచిన టాప్‌కి చోటు కావాలి, అది డిక్కీలోంచే తీసుకుంటారు. 718లో ముందు పెట్టె రెండిటికీ ఒకటే, 150 లీటర్లు, వెనక మాత్రం కేమన్‌లో 275, బాక్‌స్టర్‌లో 125. ఇద్దరు సంక్రాంతికి అనంతపురమో కర్నూలో వెళ్ళి, తిరుగు ప్రయాణంలో అత్తగారు కట్టిన అరిసెల డబ్బా, పచ్చడి జాడీ, బియ్యం సంచీ పెట్టుకురావాలంటే కేమన్‌లో ఎలాగో సర్దొచ్చు, బాక్‌స్టర్‌లో సర్దలేరు. జెడ్4 ఈ విషయంలో తెలివిగా చేశారు, టాప్ తెరిచినా మూసినా డిక్కీ 281 లీటర్లే, తగ్గదు. స్టీలు టాప్ మడిచే కార్లలో మాత్రం టాప్ తెరిస్తే డిక్కీ దాదాపు ఖాళీ లేనట్టే.

స్టీలు టాప్ అన్నాం కాబట్టి మధ్యేమార్గాల గురించి. మడిచే హార్డ్‌టాప్, అంటే గుడ్డకి బదులు గట్టి రేకు టాప్, ఆ ఐడియా 1930లలోనే ప్యూజో చేసింది, 1996లో మెర్సిడెస్ ఎస్ఎల్‌కేతో మళ్ళీ ఫ్యాషన్ అయింది, జెడ్4 కూడా 2009లో వచ్చిన తరంలో అదే పెట్టి, తర్వాతి తరంలో మళ్ళీ గుడ్డకి వెళ్ళిపోయింది, ఎస్ఎల్ కూడా అంతే. బరువు, డిక్కీ, మెకానిజం ఖర్చు ఇవే కారణాలు. అయినా రోడ్డు మీద పార్క్ చేసే మన ఊళ్ళకి వాడిన స్టీలు టాప్ కారు ఆలోచించదగ్గదే, బ్లేడు భయం లేదు, మూస్తే కూపేలాగే నిశ్శబ్దంగా ఉంటుంది, కాకపోతే వారంటీ అయిపోయాక హైడ్రాలిక్స్ పాడైతే బాగుచేసే మెకానిక్ దొరకడం కష్టం. 1965లో పోర్షే చూపించిన టార్గా ఇంకో దారి, వెనక రోల్ బార్ అలాగే ఉంచి నెత్తిన ఉన్న ముక్క మాత్రం తీసేయడం. అప్పట్లో ఓపెన్ కార్లు బోల్తా పడితే ప్రమాదమని అమెరికా వాటిని ఆపేస్తుందేమో అన్న భయంలోంచి వచ్చిన డిజైన్ అది. కొత్తగా ఎలక్ట్రిక్‌లో ఎంజీ సైబర్‌స్టర్ 2025లో మన దగ్గరికి వచ్చింది, ఫ్లోర్ కింద ఉన్న పెద్ద బ్యాటరీ పెట్టె బాడీకి కొంత బలం ఇస్తుంది, ఇంజిన్ చప్పుడు ఉండదు కాబట్టి టాప్ తీస్తే వినపడేది గాలీ పక్షులే, అది కొందరికి నచ్చుతుంది, సైలెన్సర్ పాట కోసమే కొనేవాళ్ళకి నచ్చదు. సొంతగా మన దేశంలోనే ఇలాంటి ప్రయత్నం ఒకటి జరిగిందని గుర్తుచేసుకోవాలి, బెంగళూరుకి చెందిన సాన్ కంపెనీ గోవాలో తయారుచేసిన సాన్ స్టార్మ్, ఫైబర్ బాడీ, చిన్న రెనో ఇంజిన్, రెండు సీట్లు. ఎక్కువ అమ్ముడుపోలేదు గానీ ఆ ధైర్యం మెచ్చుకోవాల్సిందే.

ట్రాక్ మీద నడపాలనుకునేవాళ్ళకి ఆలోచన అక్కర్లేదు, కూపేనే. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ గానీ కోయంబత్తూరు కరి ట్రాక్ గానీ ఇక్కడి నుంచి ఒక రాత్రి ప్రయాణమే, కానీ సొంత కార్లు ట్రాక్ మీద నడపనిచ్చే ట్రాక్ డేల్లో చాలా చోట్ల ఓపెన్ కారుకి హెల్మెట్ కంటే ఎత్తులో రోల్ బార్ ఉండాలని అడుగుతారు. రోడ్డు మీద భద్రత విషయంలో ఇప్పటి ఓపెన్ కార్లు అంత భయపడాల్సినవి కావు, బోల్తా పడబోతే సెన్సార్ పసిగట్టి సీట్ల వెనక బార్లు పైకి తన్నుకొస్తాయి. కానీ ఇవన్నీ సీటు బెల్టు పెట్టుకున్న మనిషికే.

అయితే ఏది తీసుకోవాలి? ఇంట్లో కుటుంబానికి వేరే కారు ఉండి, బేస్‌మెంట్‌లో చోటు ఉండి, ఆదివారం అయిదింటికి లేచే మనిషయితే ఓపెన్ టాపే సరైనది, అందులోనూ మొదట్నుంచీ ఓపెన్‌గా పుట్టిన కారు. వారంలో రెండు మూడు రోజులు ఆఫీసుకి కూడా అదే తీసుకెళ్ళాలి, అప్పుడప్పుడు ఊరికి వెళ్ళాలి, పదేళ్ళు ఉంచుకోవాలి అనుకునేవాళ్ళకి కూపే. ఈ రెండిటి మధ్యలో ఊగేవాళ్ళు షోరూమ్ వాళ్ళు చూపించే పొద్దున్న టెస్ట్ డ్రైవ్‌తో తేల్చుకోవద్దు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి కారు అడగండి, టాప్ తీసి ఒక పెద్ద సిగ్నల్ దగ్గర రెండు సార్లు ఎర్రలైటు పడేదాకా కూర్చోండి, తర్వాత మీ సొంత వీధికి తీసుకెళ్ళి రోజూ దాటే హంపుని ఏటవాలుగా ఎక్కించండి, అద్దం ఫ్రేమ్ మీద చెయ్యి వేసి ఉంచితే వణుకు ఉందో లేదో తెలిసిపోతుంది. సెకండ్ హ్యాండ్ అయితే ఇంకొకటి, సీట్ల వెనక కార్పెట్ ఎత్తి ముక్కు పెట్టి వాసన చూడండి, తడి గోనెసంచి వాసన వస్తే ధర ఎంత తగ్గించినా తిరిగి వచ్చెయ్యండి.